గరిటె గుర్తు

మొగులమ్మ ఎవరికైనా గిన్నె ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఎత్తి బరువు చూసి ఇచ్చేది. తిరిగి తెచ్చినప్పుడు మళ్ళీ ఎత్తి చూస్తే గాని లోపల పెట్టేది కాదు. పాత తాండూరులో కురుమల సంఘం వంట సామాను ఆమె ఇంట్లో ఉండేది. ఆరు గంగాళాలు, పదకొండు డేగిశలు, నాలుగు తాంబాళాలు. కులంలో పెండ్లయినా, దినమైనా సామాను ఆ ఇంటి నుంచే పోవాలి, ఆ ఇంటికే రావాలి. ముందు ఆమె అత్త చూసుకుంది. అత్త పోయాక ఆమె మీద పడింది. దానికి జీతం లేదు. మొగులమ్మ దగ్గరుంటే ఎక్కడికీ పోదనే మాట ఒక్కటే ఉండేది.

ఆ మాట ఒక ఎండాకాలం చెడింది.

ఒక పెండ్లికి సంఘం సామాను చాలక వికారాబాద్ నుంచి కిరాయి గిన్నెలు కూడా తెప్పించారు. తిరిగి వచ్చిన గంగాళాల్లో ఒకటి ఎత్తగానే మొగులమ్మ చేతులు ఆగిపోయాయి. అదే ఎత్తు, అదే వెడల్పు, బరువు మాత్రం అది కాదు.

"ఇది మనది కాదు," అంది.

పెండ్లివాళ్ళు మీదికి వచ్చారు. సంఘం పెద్ద బీరప్ప వచ్చి గంగాళం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "పేరున్నదా, గుర్తున్నదా? మనది కాదని ఎట్లంటవు మొగులక్కా?"

"నా చేతులు జెప్తున్నయి."

"చేతులు జెప్తే పంచాయితిల నడుస్తదా?"

అది స్టీలు గిన్నెల కాలం. సైకిళ్ళ మీద స్టీలు కట్టుకొచ్చి, పాత ఇత్తడికి మారుస్తామని గల్లీ గల్లీ అరిచేవాళ్ళు. మొగులమ్మ ఇంట్లో రెండు స్టీలు పళ్ళాలు ఉన్నాయి. అవి ఆమె తమ్ముడు మోమిన్‌పేట నుంచి తెచ్చినవి. కాని ఆ వారంలో ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ ముందు ఆ పళ్ళాల వైపే చూశాడు. నీళ్ళు తాగే నెపంతో వచ్చి చూసిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే తమ్ముడి పేరు చెప్పేది. అడగనివాళ్ళకు ఏం చెప్తుంది?

బీరప్ప మాత్రం ఒక మాట అని పోయాడు. "ఇంకొక్కటి అటిటు అయితే సామాను బీరమ్మ ఇంటికి పోతది. నన్ననొద్దు."

అందుకే ఆమె లతీఫ్‌ను పిలిపించింది.

లతీఫ్ తాండూరు బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి. యాభై దాటినవాడు, పలుచటి గడ్డం. సన్నటి ఉలి, చిన్న సుత్తె, కింద వేసుకునే గోనెసంచి, అదే అతని దుకాణం. చదువు రాదు. కాగితం మీద రాసిస్తే అక్షరాన్ని బొమ్మలాగ చూసి కొట్టేవాడు. 'కురుమ సంఘం' అని కొట్టమన్నాడు బీరప్ప. మొగులమ్మ అడ్డం పడింది.

"పొయ్యి కాడ ఉండేది ఆడోళ్ళు. ఒక్కదానికన్న సదువొస్తదా? ఏదన్న కొట్టు గని సూడంగనే మనదని ఎరుక కావాలె."

"బొమ్మ కొడ్త," అన్నాడు లతీఫ్. ఇల్లంతా కలయజూసి, "అక్కా, ఇంట్ల నీ చెయ్యి ముందుగాల దేని మీదికి పోతది?" అని అడిగాడు.

"ఎందుకు?"

"ఊకెనే."

ఊకెనే అనేవాళ్ళను మొగులమ్మ ఎన్నడూ నమ్మలేదు. కాని చూపు దానంతటదే పొయ్యి పక్కనున్న ఇత్తడి గరిటె మీదికి పోయింది. లతీఫ్ లేచి దాన్ని తీసుకున్నాడు. తిప్పాడు, వేలు పెట్టి అంచు రాసి చూశాడు.

"రెండు దినాలు నా కాడ ఉండనియ్యి."

"గంటెనా? ఇయ్య. బొమ్మ కొట్టెటందుకు గంటెతోని ఏం పని? గంటెంటె నీకు తెల్వదా?"

"గంటెలు తెలుసు. ఈ గంటె తెల్వది."

ఆ జవాబు ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానిది ఏదైనా ఆమెకు మోసంగానే కనిపించేది. చివరికి ఒక షరతు పెట్టింది. "నీ సుత్తె ఈడ వెట్టి పో. గంటె తెచ్చి సుత్తె తీస్కపో."

లతీఫ్ వెంటనే సుత్తె కింద పెట్టి వెళ్ళిపోయాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఇంటి దగ్గర ఇంకో సుత్తె ఉంటుందని ఆమెకు రాత్రంతా అనుమానం.

మూడోరోజు పొద్దున్నే గరిటెతో వచ్చాడు. నాలుగు రోజులు కూర్చుని ఇరవై ఒక్క గిన్నెల మీద కొట్టాడు. నాలుగు రోజులూ మొగులమ్మ ఎదురుగా కూర్చుంది. అన్నం కూడా అక్కడే తింది. ఉలి మొన పడ్డచోటల్లా ఒక చుక్క లేస్తోంది. చుక్కా చుక్కా కలిసి గరిటె అవుతోంది. ఏదో గరిటె కాదు. కాడ మీద అతుకు ఉంది, కాడ వంపు ఉంది. ఒక పక్క అంచు కొరికేసినట్టు లోపలికి పోయి ఉంది.

"గిదేంది గిట్ల కొట్టినవు? వంకర వొయ్యింది."

"నీ గంటె గట్లనే ఉన్నదక్కా."

ఆమె లోపలికి పోయి గరిటె తెచ్చి చూసింది. నిజమే, ఒక పక్క అంచు అరిగిపోయింది. ముప్పై ఏండ్లుగా పట్టుకుంటున్న గరిటె. ఒక్కనాడు చూడలేదు.

"నువ్వు ఎడమచేతి వాటం గద," అన్నాడు లతీఫ్ తల ఎత్తకుండా. "అడుగుకు గీకంగ గీకంగ గా దిక్కే అరుగుతది."

మొగులమ్మ గరిటెను కొంగులోకి లాక్కుంది. "నేను గంటె వట్టంగ నువ్వెప్పుడు సూసినవు?"

"నిన్ను సూడలే. గంటెను సూసిన."

ఆ మాటతో ఆమె అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. గరిటెను చూసి మనిషి చేతివాటం చెప్పేవాడు తలుపును చూసి ఇంకెన్ని చెప్పగలడో! అతను పోయాక తలుపు గొళ్ళెం మార్చమని మొగుడు భీమప్పను సతాయించింది. భీమప్ప గొర్రెల వెంట తిరిగే మనిషి, నవ్వి ఊరుకున్నాడు.

గుర్తులు మాత్రం అందరికీ నచ్చాయి. పిల్లలు కూడా బోర్లించిన డేగిశ చూసి "మొగులవ్వ గంటె" అనేవాళ్ళు. ఆమె కాస్త కుదుటపడింది. అది రెండు నెలలే.

ఒకరోజు బీరమ్మ వచ్చి గడపలో కూర్చుంది. సామాను తనింటికి వస్తుందని ఆశ పెట్టుకున్న మనిషి. చాలాసేపు వానల మాట, గొర్రెల రోగాల మాట మాట్లాడింది. లేచేముందు అంది. "నీ గంటె లతీఫ్ ఇంట్ల గోడకు ఉన్నదట గదనే? మా మరిది సూసొచ్చిండు."

"నా గంటె ఈడనే ఉన్నది."

"బొమ్మనే. గట్లనే కొట్టి పెట్టుకున్నడట. ఎందుకో ఏమో మరి." బీరమ్మ కొంగు దులుపుకొని పోయింది.

మొగులమ్మ పొయ్యి మీద ఎసరు దించేసి నడిచింది. రైలు పట్టాలు దాటి లతీఫ్ ఇల్లు వెతుక్కొని పోయేసరికి మధ్యాహ్నం అయింది. లతీఫ్ బజారు నుంచి అన్నానికి వచ్చి ఉన్నాడు. అతని భార్య అష్రఫున్నీసా రొట్టెలు చేస్తోంది.

గోడ నిండా రేకు ముక్కలే. నూనె డబ్బాలు కోసి చేసిన జానెడు ముక్కలు, మేకులు కొట్టి వరసగా పెట్టినవి. ఒకదాని మీద జల్లెడ, దానికి ఒకచోట కుట్టేసిన అతుకు. ఒకదాని మీద చేట, మూల విరిగింది. ఉగ్గుగిన్నె, కత్తిపీట, మూత లేని చాయ్ కెటిల్. గుబ్బ పోయి, గుబ్బ బదులు దారం చుట్టిన రొట్టెల కర్ర. ఆ కర్ర చాకలి బిచ్చయ్య ఇంటిదని మొగులమ్మ చూడగానే పోల్చింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇల్లు. తాండూరులో సగం ఇండ్లు ఆ గోడ మీద ఉన్నాయి.

నడుమ ఒకచోట ఖాళీ. ఊడిన మేకు బొక్క, చుట్టూ మసి పట్టని చదరం.

"నాది ఏది?" అంది మొగులమ్మ.

లతీఫ్ చేతిలోని రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. అష్రఫున్నీసా అందుకుంది. "ఇచ్చిండమ్మా. వికారాబాద్ నుంచి ఎవరో సేట్ వచ్చిండు. నర్సప్ప అని. గోడ ముంగట గంట సేపు కూసున్నడు. వాహ్ వాహ్ అన్నడు, రెండుసార్లు చాయ్ తాగిండు. గంటె బొమ్మ నాకియ్యి అన్నడు. ఈయన ఉత్తగనే ఇచ్చిండు! పైసలు అడుగుమంటి. అడుగుతడా? ఎవలన్న పొగిడితే గిట్ల కరిగిపోయేటోన్ని నేను యాడ సూడలే."

"నర్సప్పనా? కిరాయి సామాన్ల నర్సప్పనా?"

"గాయనే ఉండొచ్చు."

మొగులమ్మ గోడ మీది ఖాళీ చదరాన్ని వేలితో తడిమింది. తరవాత మెల్లగా అడిగింది. "లతీఫ్ భాయ్, మా గుర్తులు నువ్వెందుకు దాచిపెట్టుకుంటున్నవు?"

లతీఫ్ వరసగా ఉన్న రేకుల వైపు చూశాడు. "గిన్నెల మీద కొట్టినయి పొయ్యి మీదికి పోతయక్కా. మసి పడ్తది. మళ్ళ నాకు కనపడయి. అందుకని ఒక్కొక్కటి ఈడ కొట్టుకుంట."

"కొట్టుకొని?"

"సూస్త."

"సూసి?"

"ఏం లేదు. సూస్త, గంతే."

"గుర్తు నీ కాడ ఉన్నంక గుర్తుకు ఇలువేమున్నది? పల్చటి డేగిశ మీద నా గంటె కొట్టి నాదని తెచ్చిస్తే నేనేం జేయాలె? ఎవ్వలన్న నమ్ముతరా?"

లతీఫ్ ముఖం చూస్తే ఆ ఆలోచన అతనికి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ రాలేదని తెలుస్తూనే ఉంది. కాని మొగులమ్మ ముఖాలను కూడా నమ్మేది కాదు.

"నాకు గా సోంచాయన లేదక్కా."

"నీకు లేకుంటే ఇంకొకనికి ఉన్నది. ఆడు చాయ్ తాగిపోయిండు. ఇంక తొమ్మిది దినాలకు ఎంకయ్య కొడుకు పెండ్లి. బీరప్ప మళ్ళ నర్సప్పకే చెప్పిండు, కిరాయి సామాను తెమ్మని. రెండు దిక్కుల సామాను ఒక్కతాన కలుస్తది. సమజైతుందా?"

మరునాడు పొద్దున ప్యాసింజర్ బండిలో ముగ్గురు ఎక్కారు. తను ఒక్కతే చూస్తే ఎవరూ నమ్మరని మొగులమ్మ బీరప్పను లాక్కొచ్చింది. లతీఫ్‌ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తోవకు అడ్డంగా తను కూర్చుంది. అతనూ నర్సప్పా ఒకటేనేమో అన్న శంక ఇంకా పోలేదు. ధారూరు స్టేషన్లో అతను లేవబోయాడు.

"యాడికి?"

"జర చాయ్..."

"కూసో. వికారాబాద్‌ల నీ దోస్తు తాపిస్తడు."

బీరప్ప పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

నర్సప్ప దుకాణం నిండా పైకప్పు దాకా గిన్నెలు. అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. "రాండ్రి రాండ్రి బీరప్పా! పెండ్లి సామాను సూసుకుంటరా?" లతీఫ్‌ను చూసి నవ్వు కొంచెం ఆగింది. మళ్ళీ వచ్చింది. "అరె, ఉస్తాద్ కూడ వచ్చిండు!"

మొగులమ్మ అడగలేదు, చెప్పలేదు. దొంతరలో డేగిశలను ఒక్కొక్కటే దింపి బోర్లించడం మొదలుపెట్టింది. నాలుగోదాని అడుగున గరిటె ఉంది. అయిదోదాని మీదా ఉంది. మొత్తం ఏడు, అన్నీ పల్చటివి. ఎత్తితే ఒక్క చేతికి వచ్చేవి.

"గిదేంది సేటూ?"

"గంటె." నర్సప్ప తొణకలేదు. "నా దుకాణం గుర్తు. ఈ మధ్యనే కొట్టించిన."

"ఇది నా గంటె."

"గంటె అందరిండ్ల ఉంటదక్కా. గంటెకు నువ్వేమన్న పట్టా చేయించుకున్నవా?"

దారిన పోయేవాళ్ళు నలుగురు ఆగి ఉన్నారు. ఫక్కున నవ్వారు. బీరప్ప గడ్డం గోక్కుంటూ, "గది గూడ నిజమే," అని గొణిగాడు. మొగులమ్మ చేతిలోని డేగిశను మళ్ళీ ఎత్తి చూసింది. ఇప్పుడు ఉత్తచేతులతో తిరిగిపోతే ఊళ్ళో కథ మారిపోతుంది. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి వికారాబాద్ దాకా పోయి పెద్దమనిషి మీద పడింది అంటారు. సామాను రేపే బీరమ్మ ఇంటికి పోతుంది.

లతీఫ్ అప్పటికే గొంతుకూర్చున్నాడు. ఒక డేగిశ ఒళ్ళో పెట్టుకొని వెలుతురుకు తిప్పుతున్నాడు. అతని ముఖంలో కోపం మొగులమ్మ మొదటిసారి చూసింది.

"ఎవడు కొట్టిండు దీన్ని? చెయ్యి వణికింది. ఇది గంటెనా? చెప్పులాగ ఉన్నది."

"గుర్తు గుర్తే గద ఉస్తాద్."

"నడుమల గీ బొక్క ఏంది?"

అందరూ వంగి చూశారు. గరిటె గుంట నడిమధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ చిరుగుల్లాంటి గీతలు. ఏడింటి మీదా అట్లాగే ఉంది.

నర్సప్ప ఒక క్షణం తడబడ్డాడు. "జల్లి గంటె గది. బూరెలు తీసేది."

"ఒక్కటే బొక్క ఉన్న జల్లి గంటె నేను ఏ ఇంట్ల సూడలే," అన్నాడు లతీఫ్. ఈసారి జనం నవ్వు నర్సప్ప మీదికి మళ్ళింది. "రేకు గోడకు కొట్టంగ మేకు జారింది. గంటె నడుమ దిగవడ్డది. గా బొక్క నా రేకుకే ఉన్నది. అక్క గిన్నెల మీద లేదు. నా రేకు ముంగట వెట్టుకొని కొట్టినోడు మేకు బొక్క గూడ కొట్టిండు."

బీరప్ప గోక్కోవడం మానేశాడు. "రేకు తియ్యి సేటూ."

"రేకు యాడ ఉన్నదో..."

"తియ్యి. లేకుంటే ఈడనే కూసుంటం. వచ్చెటోళ్ళకు పోయెటోళ్ళకు చెప్పుకుంట కూసుంటం."

పెట్టె కింద నుంచి రేకు వచ్చింది. గరిటె నడుమ బొక్క ఉంది. నర్సప్ప గొంతు తగ్గించాడు. "ఇంకా ఎవ్వరి సామాను ముట్టలే గద. నలుగురిల ఇజ్జత్ తియ్యకుండ్రి."

"మా గంగాళం?" అంది మొగులమ్మ. అతను తెలియదన్నాడు. ఆమె దుకాణంలోని గంగాళాలన్నీ ఎత్తి చూసింది. తొమ్మిది ఉన్నాయి. ఒక్కటీ అది కాదు. అమ్మేశాడో, అసలు అతను కాడో, ఆమెకు ఎన్నటికీ తెలియలేదు.

ఏడు డేగిశల మీద గరిటెలను వాళ్ళ ముందే సుత్తెతో కొట్టి చెరిపించాడు బీరప్ప. ఆ చప్పుడు మధ్య లతీఫ్ నర్సప్ప దగ్గరికి పోయాడు.

"గోడ బాగున్నదన్నవు గద?"

"గుర్తులు సాఫ్‌గ ఉన్నయన్న. గోడను నేనేం జేస్కుంట భాయ్?"

లతీఫ్ రేకు చంకలో పెట్టుకొని స్టేషన్‌కు నడిచాడు. తిరుగు బండిలో చాయ్ అమ్మేవాడు కిటికీ దగ్గరికే వచ్చి అరిచినా తల తిప్పలేదు. బీరప్ప మాత్రం తోవ పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. సామాను ఎక్కడికీ పోదనీ, అప్పుడన్న మాట తనే అందరి ముందు వాపసు తీసుకుంటాననీ అన్నాడు. మొగులమ్మ విన్నది. వింటూనే, గుర్తు ఎట్లా ఉంటుందో ఇప్పుడు వికారాబాద్ అంతా చూసింది కదా అనుకుంది.

"మళ్ళ కొట్టాలె," అంది. "వేరేది."

రెండు రోజుల తరవాత లతీఫ్‌ను పిలుద్దామని ఆమె అతని ఇంటికి పోయింది. గోడ ఖాళీగా ఉంది. రేకులన్నీ దించి ఎవరి ఇంటిది వాళ్ళకు ఇచ్చేశాడట. కొందరు తీసుకున్నారు, కొందరు ఇదెందుకని పారేశారు.

"సూడమ్మా," అంది అష్రఫున్నీసా, మేకు బొక్కల గోడ చూపించి. "గోడకు చేచక్ మచ్చలు వచ్చినట్టున్నది. దినాం రేకుల దుమ్ము దులపలేక తిట్టుకుంటుంటి. ఇప్పుడు దులిపెటందుకు ఏం లేదు."

మొగులమ్మ లతీఫ్‌ను రమ్మని చెప్పి వచ్చేసింది.

మరునాడు లతీఫ్ ఆమె ఇంటికి వచ్చాడు. "ఏది కొట్టాలె?" అని మాత్రం అడిగాడు.

"ఇంటికొచ్చినోళ్ళకు కనపడనిది కొట్టు."

అతను ఇల్లంతా చూసి నీళ్ళ కుండ దగ్గరికి పోయాడు. కుండ కింద గడ్డి పేనిన చుట్టకుదురు ఉంది. భీమప్ప చేత కుండ ఎత్తించి కుదురు బయటికి తీశాడు. బరువుకు ఒకవైపు అణిగిపోయింది. తడికి నల్లబడింది. పేటల మధ్య ఎప్పుడో పడ్డ జొన్న గింజ మొలకెత్తి, వెలుతురు లేక తెల్లగా చచ్చిపోయింది.

"ఇది తీస్కపోనియ్య," అంది మొగులమ్మ.

"తీస్కపోను. ఈడనే సూస్త."

మూడు రోజులు కూర్చున్నాడు. పాత గరిటె మీదుగా ఒక గీత, పక్కన కొత్త గుర్తు. చుక్కలు ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా పోయి, ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిశాయి. పేట పేటా కనిపించింది. చచ్చిన మొలక కూడా కనిపించింది. మొగులమ్మ ఎదురుగా కూర్చునే ఉంది. సంచిలో చెయ్యి పెట్టినప్పుడల్లా, ఏం తీస్తున్నాడో అని మెడ చాచింది.

ఆఖరి డేగిశ అయ్యాక అతను ఉలి తుడుచుకున్నాడు. "అక్కా, ఒక్క రేకు ముక్క మీద..."

"వద్దు."

"గోడకు వెట్ట. సందుకల వెట్టి తాళమేస్త."

"తాళం నేను సూడొచ్చిన్నా? వద్దు."

లతీఫ్ తల ఊపాడు. కోపం తెచ్చుకోలేదు. ఆఖరి డేగిశను వాకిట్లోకి తెచ్చి ఎండలో బోర్లించి, దాని ముందు కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. ఏటవాలు ఎండకు ఒక్కొక్క చుక్కకూ ఒక్కొక్క నీడ పడి, కుదురు ఇత్తడి మీద నుంచి పైకి లేచినట్టు కనిపిస్తోంది. భీమప్ప చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది.

మొగులమ్మ గడపలో నిలబడి ఓపిక పట్టింది. ఎంతసేపటికీ అతను లేవకపోయేసరికి ఆగలేకపోయింది.

"గంత సేపు సూస్తున్నవేంది? యాద్ వెట్టుకుంటున్నవా?"

"అవునక్కా," అన్నాడు లతీఫ్.

మొగులమ్మ కావాలంటే డేగిశను లోపలికి తీసుకుపోవచ్చు. తీసుకుపోలేదు. గడప దిగి అతనికి కాస్త దూరంలో కూర్చుంది. అతను గుర్తును చూస్తున్నంతసేపూ ఆమె అతన్నే చూస్తూ ఉంది.